సూరత్‌లో గంబోకు గిన్నె

నేను సూరత్ వెళ్ళొచ్చానని తెలియగానే మా స్కూలు స్టాఫ్‌రూమ్‌లో అందరూ చీరలు చూపించమన్నారు. వారం రోజులు ఆ ఊళ్ళో ఉండి ఒక్క చీర కూడా కొనలేదంటే ఎవరూ నమ్మలేదు. నేను వెళ్ళింది గిన్నె ఎంచడానికి. అదీ నాకు కాదు, మా అక్క రాజేశ్వరికి. జగిత్యాల నుంచి అంత దూరం ఒక గిన్నె కోసం పోవడమేమిటని అడిగితే ఒక్క ముక్కలో చెప్పలేను. అందుకే ఇదంతా రాస్తున్నాను.

అక్క పెళ్ళయి సూరత్ వెళ్ళి ఇరవై ఎనిమిదేళ్ళు. బావ మరమగ్గాల కార్ఖానాలో పని చేస్తాడు. మన వైపు నుంచి వెళ్ళి ఒంటరిగా ఉంటున్న కార్మికులకు అక్క ఇంట్లోనే రెండు పూటలా వండి పెడుతుంది. దాన్ని అందరూ రాజక్క మెస్ అంటారు. కూతురు మమత అక్కడే పుట్టి పెరిగింది. ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఉద్యోగం. కిందటి చలికాలం మమతే ఫోన్ చేసింది. అమ్మ వంట ఈమధ్య తరచూ మాడుతోందని, ఒకప్పుడు ఇరవై ఆరుగురు తినే చోట ఇప్పుడు పదకొండు మందే మిగిలారని, కొత్త గిన్నె కొంటానంటే అమ్మ ఒప్పుకోవడం లేదని చెప్పింది.

"నువ్వు వచ్చి మంచి గిన్నె చూపెట్టు చిన్నమ్మా. నీ మాటైతే వింటది" అంది.

జనవరిలో సెలవు పెట్టి బయల్దేరాను.

సలాబత్‌పురా

స్టేషన్ నుంచి ఆటో పాత ఊళ్ళో అక్క ఉండే సలాబత్‌పురా వైపు మళ్ళగానే బట్టల మూటల మధ్య ఇరుక్కుపోయింది. ముందు టెంపో, వెనక తోపుడు బండి, పక్కన తానులు నెత్తిన పెట్టుకున్న హమాలీలు. ఆటో అతను తొందరపడలేదు. ఇంజన్ ఆపి చాయ్ తెప్పించుకుని నాకూ ఒకటి ఇచ్చాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. అక్కడి చాయ్‌లో అల్లంతో పాటు పుదీనా కూడా వేస్తారు. మొదటి గుక్క కషాయంలా అనిపించింది. గ్లాసు ఖాళీ అయ్యేసరికి ఇంకొకటి ఉంటే బాగుండనిపించింది.

అక్క ఇల్లు రెండో అంతస్తులో ఉంది. కింద మగ్గాలు నడుస్తాయి. నేల ఎప్పుడూ సన్నగా అదురుతూనే ఉంటుంది, పళ్ళెంలో చెంచా పెడితే చిన్నగా మోగుతుంది. ఆ చప్పుడులో ఏళ్ళ తరబడి పనిచేసి బావకు చెవులు మందగించాయి. గల్లీలో అందరికీ ఆ సంగతి తెలుసు. ఆయనతో గట్టిగా మాట్లాడతారు, ఆయనా దాన్నేమీ పట్టించుకోడు.

ఆ సాయంత్రం మమత గంబో గురించి చెప్పింది. అమెరికా దక్షిణాన సముద్రం పక్క ఊళ్ళ వంటకమట. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషుల చేతుల్లో తయారైందట. గంబో అనే పేరు కూడా వాళ్ళ భాషల్లో బెండకాయకున్న పేరు నుంచే వచ్చిందంటారు. బెండకాయ, రొయ్యలు, కోడి, ఉల్లి, క్యాప్సికం వేసి చిక్కగా ఉడికించి అన్నం మీద పోసుకుంటారు. వింటుంటే మన బెండకాయ పులుసుకు దూరపు చుట్టంలా తోచింది. కష్టమంతా మొదట్లోనే ఉంది. నూనెలో మైదా వేసి సన్న మంట మీద ముప్పావు గంట ఆపకుండా కలిపి ముదురు గోధుమరంగు తెప్పించాలి. ఒక్క చోట మాడినా కూరంతా చేదెక్కుతుంది, పారబోయడమే. మమత అప్పటికే రెండుసార్లు పారబోసింది. బాగా కుదిరితే ఆదివారాలు డబ్బాలు కట్టి ఆఫీసు వాళ్ళకు అమ్మాలని, మెస్‌కు ఆ ఆదాయమైనా కలుస్తుందని ఆమె ఆలోచన.

నా ముందే మూడోసారి మొదలుపెట్టింది. మధ్యలో ఆఫీసు ఫోన్ వస్తే గరిటె అక్క చేతికిచ్చి బయటికి వెళ్ళింది. నేను ముందు గదిలో సంచి సర్దుకుంటున్నాను. పిండి మాడిన వాసన గుప్పున వచ్చింది. వంటింట్లోకి వెళ్ళి చూస్తే అక్క కిటికీ బయటికి చూస్తూ నింపాదిగా గరిటె తిప్పుతోంది. గిన్నె నడుమ నల్లటి మచ్చ.

మాడుతోంది కదా అక్కా అన్నాను. ఏం మాడలేదు, ఇంకా రంగే రాలేదు అంది. అప్పుడు కిందికి చూసింది. పొయ్యి ఆర్పి, గిన్నె దించి, కొళాయి కింద పెట్టి, పలుచటి అల్యూమినియం గిన్నె ఇంతే చేస్తుందని తిట్టింది. మమత వచ్చి ఆమె కూడా గిన్నెనే తిట్టింది. నాకు మాత్రం అక్క ముఖం వేరేగా కనిపించింది. దొంగతనం బయటపడిన మనిషిలా ఉంది.

తాపీ ఒడ్డున

మర్నాడు పొద్దున గల్లీ చివర లోచో తిన్నాం. శనగపిండిని ఆవిరి మీద ఉడికించి, ముక్కలు కాకుండా ముద్దగానే పళ్ళెంలో వేసి, పైన నూనె, సన్న కారప్పూస చల్లి ఇస్తారు. ప్లేటు యాభై రూపాయలు. మనింట్లో అలా విరిగిపోతే కుదరలేదంటాం, అక్కడ దానికోసం వరుసలో నిలబడతారు.

పగటి భోజనాలు అయ్యాక అక్క నన్ను తాపీ నది వైపు తీసుకెళ్ళింది. చలికాలం అక్కడ పోంక్ అమ్మే దుకాణాలు వరుసగా వెలుస్తాయి. పోంక్ అంటే మన జొన్న ఊచబియ్యమే. లేత కంకులు నిప్పుల్లో కాల్చి, గుడ్డలో వేసి బాది గింజలు రాలుస్తారు. చిన్నప్పుడు చేను దగ్గర నాయన అరచేతుల్లో నలిపి ఊది పెట్టినవి ఇక్కడ తూకం వేసి కిలో ఏడు వందలకు అమ్ముతున్నారు, పైన నిమ్మకాయ, కారప్పూస. ఆ పచ్చి పొగ వాసనకు నా అడుగు ఆగిపోయింది.

"వాసన చూడు అక్కా, అచ్చం మన చేను వాసనే" అన్నాను.

అక్క పొట్లం ముక్కు దగ్గర పెట్టుకుంది. చాలాసేపు అలాగే ఉంది. తర్వాత పొట్లం నా చేతిలో పెట్టింది.

"నాకు వస్తలేదు చెల్లె. మూడేండ్లయింది."

నది గట్టు మీది సిమెంటు బల్ల మీద కూర్చుని మిగతాది చెప్పింది. రెండోసారి కరోనా జ్వరం వచ్చినప్పుడు పోయిన వాసన మళ్ళీ రాలేదు. ఇవాళ వస్తుంది, రేపు వస్తుంది అనుకుంటూ ఎవరికీ చెప్పలేదు. ఉప్పు, పులుపు, కారం నాలుకకు తెలుస్తాయి. పోపు వేగిందా, పప్పు అడుగంటిందా, నూనె కనరిందా, ఇవేవీ తెలియవు. బజారులో కొత్తిమీర కట్ట ముక్కు దగ్గర పెట్టుకుని బాగుందన్నట్టు తలూపుతుంది, అంతా నటన. ఒకరోజు గాలికి పొయ్యి ఆరి గ్యాసు వస్తుంటే అదే గదిలో కూర్చుని బియ్యం ఏరుతోంది. మమత పరిగెత్తుకొచ్చి కిటికీలు తీసింది. ఇప్పుడే ఆరింది, చూస్తున్నా అని అబద్ధమాడింది.

మమతకు చెప్పవద్దని ఒట్టు వేయించుకుంది. చెబితే మెస్ మూయమంటుంది, మూసేస్తే తాను ఇంకేం చేస్తుంది అని అడిగింది. ఆరో తరగతిలో నా గణితం నోటు పుస్తకాలకు డబ్బు లేకపోతే బీడీలు చుట్టి కొనిచ్చిన మనిషి ఆమె. ఊచబియ్యం తిన్నాం. ఆమె నిమ్మకాయ ఎక్కువగా పిండుకుంది, ఆ పులుపైనా తెలుస్తుందని.

గిన్నెల వీధి

మూడో రోజు పాత బజారులో గిన్నెల దుకాణాలకు వెళ్ళాం. మమత సెలవు పెట్టి వచ్చింది. మన ఊళ్ళో దుకాణంలోకి అడుగు పెట్టగానే రేటు చెబుతారు. ఇక్కడ ఒక ముసలి గుజరాతీ వ్యాపారి ముందు మమ్మల్ని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు. అందరూ ఆయనను కాకా అంటున్నారు. ఏం వండుతారు, ఎంతమందికి, ఏ పొయ్యి, గిన్నె దించేది ఎవరు అని ఒక్కొక్కటే అడిగాడు. మమత గంబో సంగతి హిందీలో చెబితే ఆ పేరు ఆయనకు బాగా నచ్చింది, రెండుసార్లు పలికి చూసుకున్నాడు.

నల్లటి ఇనుప మూకుడు ఆయనే పక్కన పెట్టేశాడు. వేడి నిలుపుతుంది గానీ అందులో బెండకాయ నల్లబడుతుంది, టమాటా పడితే కూరకు ఇనుము రుచి వస్తుంది, పైగా నల్లటి గిన్నెలో పిండి రంగు కనిపించదు. కళాయి పూసిన ఇత్తడి గిన్నె నాకు నచ్చింది. లోపల వెండిలా మెరుస్తోంది. పులుసులకు దాన్ని మించింది లేదని, అయితే పిండిని అంతసేపు వేయిస్తే కళాయి కరుగుతుందని, మళ్ళీ పూసేవాళ్ళు దొరకడం కష్టమని చెప్పాడు. చివరికి ఒక స్టీలు గిన్నె తీశాడు. రెండు స్టీలు రేకుల మధ్య అల్యూమినియం పొర అడుగు నుంచి అంచు దాకా ఉంటుంది. అడుగు వెడల్పు, గోడలు నిటారు, రెండు వైపులా పట్టుకోవడానికి గట్టి పిడులు.

మాటలతో ఊరుకోలేదు. చాయ్ పెట్టుకునే పొయ్యి ముందుకు లాగి, మామూలు పలుచటి గిన్నె ఒకటి, ఈ గిన్నె ఒకటి తీసుకుని రెండింట్లోనూ గుప్పెడు పొడి మైదా పరిచి, ఒకదాని తర్వాత ఒకటి మంట మీద పెట్టాడు. పలుచటి దానిలో మంట తగిలిన చోట గుండ్రంగా గోధుమరంగు గీత పడింది, అక్కడే నల్లబడింది, చుట్టూ పిండి తెల్లగానే ఉంది. మందపాటి దానిలో పిండి మొత్తం ఒకేసారి మెల్లగా రంగు మారింది. నేను పాతికేళ్ళుగా వండుతున్నాను, ఇంత చిన్న పరీక్ష ఎప్పుడూ చేయలేదు.

ధర మూడు వేల ఎనిమిది వందలు. మమత డబ్బు తీయబోతే అక్క లేచి నిలబడింది. మళ్ళీ చూద్దామంది. మమత ముందు నడుస్తుంటే నాకు మాత్రమే వినబడేలా అంది:

"గిన్నె మారిస్తే ముక్కు వస్తదా?"

అమ్రోలి

ఇలాంటి వంటకు అసలైన గిన్నె, లోపల తెల్లటి పింగాణీ పూత ఉన్న పోత ఇనుముదని కాకా మాటల్లో అన్నాడు. తెల్లటి అడుగు మీద ఏ రంగైనా ఇట్టే తెలుస్తుందట, కానీ తన దగ్గర లేదన్నాడు. మమత ఫోన్‌లో వెతికి, వాడిన గిన్నె ఒకటి అమ్మకానికి ఉందని కనిపెట్టింది. శనివారం నది దాటి అమ్రోలి వెళ్ళాం. తలుపు తీసిన అమ్మాయి మాటలు వినగానే మనవాళ్ళని తెలిసిపోయింది. కర్నూలు వైపు నుంచి వచ్చిన డాక్టరట. మోజుపడి కొన్నానని, డ్యూటీల మధ్య వండే తీరిక లేక మూలన పడేశానని నవ్వుతూ చెప్పింది. మాకు జొన్నరొట్టె, పల్లీల పొడి పెట్టింది. సూరత్‌లో కర్నూలు రొట్టె తింటానని నేను అనుకోలేదు.

గిన్నె ఎంత అందంగా ఉందో చెప్పలేను. ఎర్రటి పైపూత, పాలలాంటి లోపలి తెలుపు. అక్క రెండు చేతులతో లేపి చూసింది, మణికట్టు వణికింది, కింద పెడుతుంటే మూత జారి నా కాలి మీద పడింది. ఖాళీ గిన్నె బరువే అంత. పది మంది కూరతో దాన్ని పొయ్యి మీద నుంచి దించాలంటే ఇద్దరు కావాలి. కాలి బొటనవేలు వాచి నేను కుంటుతూ మెట్లు దిగాను. డాక్టరమ్మ గుడ్డలో ఐసు ముక్కలు కట్టిచ్చి, గిన్నె అమ్ముడుపోకపోయినా తెలుగు మాట్లాడానని సంతోషపడింది.

బార్డోలీ దారి

ఆదివారం మెస్‌కు బెల్లం తేవాలని ముగ్గురం బార్డోలీ బస్సెక్కాం. దారి పొడవునా చెరుకు. ట్రాక్టర్లు, ఎడ్లబండ్లు, బండ్ల వెనక గడలు లాగుతున్న పిల్లలు. ఊరికి ఈవల ఒక బెల్లం బట్టీ దగ్గర దిగాం. చెరుకు పిప్పి మంట మీద మనిషి నిడివికన్నా వెడల్పైన పెనంలో రసం మరుగుతోంది. పాకం చూసే పెద్దాయన మహారాష్ట్ర నుంచి ఏటా చలికాలం వస్తాడట. ఆవిరికి కళ్ళు సగం మూసుకుని పెనం చుట్టూ తిరుగుతున్నాడు. నేను బస్సులో కొన్న జామపండు తింటూ ఆయనను చూస్తున్నాను.

అక్క ఆయన దగ్గరికి వెళ్ళి నిలబడింది. కాసేపు చూసి, హిందీలో అడిగింది. మాడబోతోందని ముందే ఎలా తెలుస్తుంది, వాసన రాని మనుషులు ఈ పని చేయగలరా అని.

పక్కనే ఉన్న మమత తల తిప్పి తల్లిని చూసింది.

పెద్దాయన గరిటెడు పాకం చల్లటి నీళ్ళలో వేసి, వేళ్ళతో ఉండ చేసి చూపించాడు. ఈ పొగలో ఇరవై ఏళ్ళున్నాక తనకు ముక్కు ఎక్కడుందో కూడా గుర్తు లేదన్నాడు. ముందు రంగు చూస్తాడట, తర్వాత బుడగ. చిన్న బుడగలు పెద్దవవుతాయి, చప్పుడు సన్నగా ఉన్నది బొంగురుపోతుంది.

"వాసన వచ్చేదాకా ఆగితే పని పాడైనట్టే, అమ్మా. అప్పటికి మాడిపోయి ఉంటుంది" అన్నాడు.

వేడి బెల్లం చెరుకు ముక్క మీద రాసి ముగ్గురికీ ఇచ్చాడు. అక్క తినలేదు, పెనం వైపే చెవి పెట్టి నిలబడింది. పాకం దించేదాకా కదలలేదు. మేమూ కదలలేదు. ఒక బస్సు పోయింది, ఇంకోటి పోయింది.

తిరుగు బస్సులో మమత తల్లి పక్కనే కూర్చుంది. తర్వాత తల్లి చేయి పట్టుకుంది. కోపమొచ్చినా ఏడుపొచ్చినా ఆమెకు మూడు భాషలూ కలిసిపోతాయి.

"మూడేండ్లు చెప్పలే మమ్మీ. కేమ్?"

కేమ్ అంటే వాళ్ళ గుజరాతీలో ఎందుకని.

"చెప్తే వంట ఆపుమంటవని" అంది అక్క.

"ఆనాడు నాకు గ్యాసు వాసన రాకుంటే నువ్వు పోతుంటివి గదా" అని మమత కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. సూరత్ వచ్చేదాకా చేయి మాత్రం వదల్లేదు. బస్సు దిగగానే దుకాణంలోకి వెళ్ళి, గ్యాసు లీకైతే మోగే చిన్న పెట్టె ఒకటి కొంది. అక్క వద్దనలేదు. రేపు పొద్దున కాకా దుకాణం తీయగానే వెళ్దామని ఆమే అంది.

పిండి రంగు

సోమవారం సాయంత్రం, మమత ఆఫీసు నుంచి వచ్చాక గంబో మొదలైంది. పొద్దున కాకా దగ్గర కొన్న స్టీలు గిన్నె పొయ్యి మీద పెట్టి, నూనె, మైదా వేసి, గరిటె అక్కే తీసుకుంది. మమత ఫోన్‌లో వీడియో పెట్టబోతే ఆపేయమంది. చప్పుడు వినబడాలట. కింద మగ్గాల మోత ఉండనే ఉంది, దాని మీద ఈ చిన్న సవ్వడి వెతుక్కోవాలి. గిన్నె మీదికి వంగి, చెవి ఒక వైపు వాల్చి కలిపింది. పిండి ముందు జొన్నరొట్టె రంగులోకి వచ్చింది, తర్వాత వేయించిన పల్లీల రంగు, తర్వాత రాగి చెంబు రంగు. స్టీలు అడుగు మీద ప్రతి మార్పూ కనిపించింది. నాకు వాసన వస్తోంది, కమ్మగా, వేయించిన గింజల వాసన. అయినా నోరు తెరవలేదు. ఇది ఆమె పని.

కొత్త చింతపండు రంగు వచ్చేసరికి, ఇప్పుడు ఉల్లిగడ్డలెయ్యి అంది. నేను వేశాను. గిన్నె సుయ్యిమంది. అడుగున మచ్చ లేదు.

వీడియోలో చెప్పిన సెలరీ అనే ఆకుకూర కాడలు దొరక్క కొత్తిమీర కాడలు వేశాం. బెండకాయ ముక్కలు విడిగా వేయించి జిగురు పోగొట్టి కలిపాం. కోడి ఉడికాక, చివరి ఐదు నిమిషాలు రొయ్యలు. గల్లీలో ఎక్కువ మంది మాంసం తినరు గనుక కిటికీ తలుపులు మూసే అలవాటు అక్కది. ఆ రోజు మరిచిపోయింది.

బావ డ్యూటీ నుంచి వచ్చాడు. నలుగురం నేల మీద కూర్చుని అన్నం మీద పోసుకుని తిన్నాం. బావ రెండుసార్లు అడిగి వేయించుకున్నాడు. అక్క మొదటి ముద్ద నమిలి, ఉప్పు సరిపోయింది, కారం ఇంకొంచెం పడుతుందని చెప్పి, కూతురి వైపు తిరిగింది.

"వాసనెట్లున్నదే? చెప్పు."

మమత తినడం ఆపి కళ్ళు మూసుకుంది. ముందు రొయ్యల వాసన వస్తుంది, సముద్రం దగ్గర్లో ఉన్నట్టు, దాని వెనక కాల్చిన రొట్టె వాసన, అన్నిటికన్నా కింద వెల్లుల్లి అని తెలుగులో మొదలుపెట్టి హిందీలోకి, అక్కణ్నుంచి గుజరాతీలోకి పోతూ చాలాసేపు చెప్పింది. అక్క ఒక్కొక్క మాటకూ తలూపుతూ తింది.

పదకొండు మంది

మంగళవారం సాయంత్రం నా రైలు. పగలు మెస్‌లో మిగిలిన గంబోకు తోడు పప్పు, వంకాయ కూర. షిఫ్టు మధ్య విరామంలో పదకొండు మందీ వచ్చి కూర్చున్నారు. ముందు వరుసలో పోశెట్టి. కోరుట్ల పక్క ఊరతను, తొమ్మిదేళ్ళుగా అక్క చేతి వంటే తింటున్నాడు. అక్క గంబో గిన్నె అతని ముందు పెట్టింది గానీ వడ్డించలేదు. నడుం మీద చేయి వేసుకుని నిలబడి, అందరికీ వినబడేలా చెప్పింది. తనకు మూడేళ్ళుగా వాసన తెలియదని, ఇన్నాళ్ళు మాడిన కూరలు పెట్టింది అందుకేనని, ఇకనుంచి మూత తీయగానే ఎవరో ఒకరు వాసన చూసి ఉన్నదున్నట్టు చెప్పాలని. ఎవరికైనా ఇక్కడ తినడం ఇష్టం లేకుంటే తాను ఏమీ అనుకోనని కూడా అంది.

నేను గుమ్మం దగ్గర సంచి పట్టుకుని నిలబడ్డాను.

పోశెట్టి గిన్నె మీదికి వంగాడు. మూత ఒక పక్కకు జరిపి, తొందరపడకుండా, రెండుసార్లు వాసన చూశాడు.

"మాడలేదక్కా. మంచిగున్నది" అన్నాడు. ఇంకోసారి వంగి చూసి, "ఎల్లిపాయ జర ఎక్కువైంది" అన్నాడు.

"మల్లోసారి తక్కువేస్త" అంది అక్క, గరిటె అందుకుంటూ. అతని పళ్ళెంలో అన్నం వడ్డించి, పక్కతని వైపు జరిగింది.